మందిరం ఆవరణలో చెట్టు ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెట్ల గురించీ నేల గురించీ ఉన్నాయి. జూన్‌లో చాలా సంఘాలు పర్యావరణ ఆదివారం జరుపుకున్నాయి. ఆ ప్రసంగాలు విన్నవారిలో కొందరికి ఉత్సాహం, కొందరికి అనుమానం కలిగినట్టున్నాయి. రెండూ మంచివే. చాలా ఏళ్లు కళాశాలలో వృక్షశాస్త్రం, అంతకంటే ఎక్కువ ఏళ్లు సండే స్కూల్లో వాక్యం చెప్పినదాన్ని కనుక ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మా మందిరం వెనక మిషనరీల కాలం నాటి చింతచెట్టు ఒకటి, నిద్రగన్నేరు చెట్లు రెండు ఉన్నాయి. బండ్లు నిలపడానికి చోటు చాలడం లేదనీ, రాలిన ఆకులు ఊడ్చలేకపోతున్నామనీ పెద్దలు వాటిని కొట్టించి టైల్స్ పరిపించాలని తీర్మానించారు. యవ్వనస్థులం వద్దన్నాం. "మందిరం దేవునిది, చెట్టు మందిరంలో భాగం కాదు" అన్నారు. మేం ఏం చెప్పాలి?
— ఒక యవ్వనస్థుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: బాబూ, పెద్దలతో తగవుకు దిగకండి. వాళ్లు రోజూ చదివే గ్రంథాన్నే ముందు పెట్టండి. "భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే" అంటుంది 24వ కీర్తన. మందిరం గోడలు మనం కట్టి ఆయనకు ప్రతిష్ఠించాం. చింతచెట్టు మనం ఇవ్వకముందే ఆయనది. ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం కూడా చూపించండి. యుద్ధంలో ఒక పట్టణాన్ని ముట్టడించినా అక్కడి పండ్లచెట్ల మీద గొడ్డలి వేయకూడదని అందులో ఆజ్ఞ ఉంది. శత్రువు ఊళ్లో చెట్టుకే ఆ రక్షణ ఉంటే మన ఆవరణలో చింతచెట్టుకు ఉండదా?

"చెట్టు మందిరంలో భాగం కాదు" అన్న మాట ఇథియోపియా ఆర్థడాక్స్ విశ్వాసులతో అంటే వాళ్లకు బోధపడదు. నాలుగో శతాబ్దం నుంచి క్రైస్తవ్యం నిలిచి ఉన్న దేశం అది. ఉత్తర ఇథియోపియాలో, ముఖ్యంగా తానా సరస్సు ఉన్న అమ్హారా ప్రాంతంలో, పైనుంచి తీసిన చిత్రాలు చూస్తే ఎండిన పొలాల మధ్య అక్కడక్కడ గుండ్రటి పచ్చని మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో మచ్చ నడుమ ఒక్కో చర్చి. సాగుకూ మేతకూ వంటచెరకుకూ తరతరాలుగా అడవిని నరుక్కుంటూ వచ్చారు, చర్చి చుట్టూ ఉన్నదాన్ని మాత్రం ముట్టలేదు. అలాంటి చర్చి అడవులు వేలల్లో ఉన్నాయి. చాలావరకు కొద్ది ఎకరాలవే. నిబంధన మందసానికి ప్రతిరూపమైన తాబోత్ చర్చి లోపల ఉంటుంది. దాని చుట్టూ ఉన్న అడవిని వాళ్లు ఏదెను తోటకు సాదృశ్యంగా చూస్తారు. చెట్లు లేని చర్చి బట్టలు లేని మనిషితో సమానమని అక్కడ అంటారు. 1975లో సైనిక ప్రభుత్వం భూములన్నిటినీ జాతీయం చేసినప్పుడు చర్చి పొలాలు పోయాయి. చర్చిని ఆనుకున్న అడవులు మాత్రం మిగిలాయి.

వృక్షశాస్త్రం చదివినదాన్ని కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కడి కొండల మీద సహజంగా పెరిగే జునిపెర్, అడవి ఆలివ్, పోడోకార్పస్ వంటి చెట్లకు ఇప్పుడు విత్తనం దొరికేది ఎక్కువగా ఈ చర్చి అడవుల్లోనే. పక్క పొలాల్లో పూతకు పరాగం చేరవేసే తేనెటీగలు గూడు కట్టుకునేదీ అక్కడే. రేపు ఆ దేశం అడవిని తిరిగి పెంచుకోవాలంటే తల్లిచెట్లు అవే.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోవద్దు. మేకలూ పశువులూ లోపలికి చొరబడి మొలకలను తినేస్తున్నాయి. అంచుల్లో ఏటా ఒక చాలు చొప్పున నాగలి లోపలికి జరుగుతోంది. ఆదాయం కోసం కొన్ని చర్చిలు యూకలిప్టస్ వేస్తున్నాయి. అలెమాయెహు వాస్సీ అనే ఇథియోపియా శాస్త్రవేత్త తన పరిశోధన మొత్తం ఈ అడవుల మీదే చేశారు. 2008లో ఆయనకు మెక్సికోలో జరిగిన ఒక సదస్సులో అమెరికా వృక్షశాస్త్రజ్ఞురాలు మెగ్ లోమన్ పరిచయమయ్యారు. ఇద్దరూ కలిసి అక్కడి అర్చకులను కూర్చోబెట్టి, పైనుంచి తీసిన చిత్రాల్లో వారి అడవి ఎలా కుంచించుకుపోతోందో చూపించారు. దానికి వాళ్లు తేల్చిన ఉపాయం రాతిగోడ. చుట్టుపక్కల రైతులు తమ పొలాల్లో అడ్డమొచ్చే రాళ్లు ఏరి తెచ్చి అడవి చుట్టూ పేర్చారు. పొలం బాగుపడింది, పశువులు ఆగాయి, లోపల మొలకలు లేచాయి. కావలిసిన డబ్బు కొంత బయటివారిచ్చారు. చెమట మాత్రం సంఘానిది.

ఇక మీ మందిరం సంగతి. చెట్లు ఉంచుతూనే బండ్లు నిలిపే పటం ఒకటి గీసి పెద్దలకు ఇవ్వండి. నిద్రగన్నేరు కొమ్మలు ఎంత దూరం చాస్తుందో మీకు తెలుసు, మే నెల ఆరాధనలో బండ్లు నిలపడానికి దాన్ని మించిన పందిరి లేదు. మొదలు చుట్టూ ఆరేడు అడుగుల వరకు మట్టిని వదిలి, ఆ అవతల కావాలంటే మధ్య మధ్య సందులుండేలా రాళ్లు పరచండి. వాన నీరు ఇంకుతుంది. ఎండిన కొమ్మలుంటే తెలిసినవారి చేత కొట్టించండి, ఆ భయం న్యాయమైనదే. ఆకులు ఊడ్చే పని యవ్వనస్థులే వంతుల వారీగా తీసుకోండి. మూలన గుంత తవ్వి అందులో వేస్తే ఏడాది తిరిగేసరికి ఎరువు అవుతుంది. ఇవన్నీ చెప్పినా వినకపోతే, చెట్టు కొట్టడానికి, నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం చేసిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలని, సంఘ తీర్మానం ఒక్కటే చాలదని మర్యాదగా గుర్తు చేయండి. చట్టం మాట చివరనే ఎత్తండి. ముందే ఎత్తితే మనసులు మూసుకుపోతాయి.

ప్రశ్న: సంఘ కాపరిని. పర్యావరణ ఆదివారం నాడు మొక్కలు నాటించాను. ఒక పెద్దాయన లేచి, "భూమియు దానిమీద నున్న కృత్యములును కాలిపోవును" అని 2 పేతురు 3:10 చదివి, "కాలిపోయేదానికి నీళ్లెందుకు పోస్తున్నారు అయ్యగారూ? ఆత్మల సంగతి చూడండి" అన్నారు. సంఘం రెండుగా చీలినట్టయింది.
— ఒక కాపరి, కృష్ణా జిల్లా

జవాబు: అయ్యగారూ, ఆ పెద్దాయన వాక్యం తెలిసినవారు. వాక్యంతోనే మాట్లాడితే వింటారు. పదో వచనానికి ముందున్న ఆరో వచనం కూడా కలిపి చదవమనండి. రాబోయే అగ్నిని పేతురు నోవహు నాటి జలప్రళయం పక్కన పెట్టి చెబుతున్నాడు. ఆ ప్రళయంలో కూడా "అప్పుడున్న లోకము నశించెను" అనే రాశాడు. అయినా నేల మిగిలింది. ఆ తీర్పు వస్తుందని ముందే తెలిసిన నోవహు చేసిన పని ఏమిటి? ఎలాగూ మునిగేవే కదా అని జంతువులను వదిలేయలేదు. దేవుడు చెప్పినట్టు ఓడ కట్టి వాటిని ఎక్కించాడు. నీళ్లు తగ్గాక దేవుడు చేసిన నిబంధన నోవహుతోనే కాదు, పక్షులతో, పశువులతో, సమస్త జీవరాశులతో అని ఆదికాండం 9వ అధ్యాయంలో మళ్లీ మళ్లీ రాసి ఉంది. సృష్టి అంతా ప్రసవవేదన పడుతూ విడుదల కోసం మూలుగుతోందని రోమా 8లో పౌలు అంటాడు. అదంతా బూడిదయ్యేదే అయితే దానికి విడుదల అన్న మాట ఎందుకు? ప్రకటన 11:18లో దేవుని తీర్పు దినాన లెక్క అప్పగించవలసినవారిలో "భూమిని నశింపజేయువారు" కూడా ఉన్నారు. ఆ వచనం మీద నేను విన్న ప్రసంగాలు చాలా తక్కువ.

ఇంకొక మాట అడగండి. మన దేహాలు కూడా మట్టిలో కలిసేవే. మరి 1883లో అన్నా కుగ్లర్ డాక్టరమ్మ గుంటూరు ఎందుకు వచ్చారు? ఆసుపత్రి ఎందుకు కట్టించారు? డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల పుండ్లు కడిగినవారు ఆ దేహాలు శాశ్వతమని కడిగారా? ఎలాగూ చచ్చే మనిషికి మందెందుకు అని మన సంఘాల్లో ఎవరూ అనలేదు. సువార్త, ఆసుపత్రి, బడి కలిసే నడిచాయి. నీళ్లు పాడైపోయిన ఊరికి ఆసుపత్రి కట్టి, ఆ నీటి గురించి మాత్రం నోరెత్తనంటే ఆ ప్రేమ సగంలో ఆగినట్టే.

ఆత్మల సంగతి, అడవి సంగతి వేరు వేరు కావని ప్రాణమిచ్చి చూపినవారు ఉన్నారు. డొరొతీ స్టాంగ్ అమెరికాలో పుట్టిన కన్యస్త్రీ. 1966 నుంచి బ్రెజిల్‌లో ఉండి, అమెజాన్ అడవిలోని అనాపు ప్రాంతంలో భూమి లేని పేద రైతుల మధ్య పనిచేశారు. అడవిని తగలబెట్టకుండా అందులోనే బతికే సాగు వారికి నేర్పించారు, ఆ భూమి మీద వారికి హక్కు కావాలని అధికారుల చుట్టూ తిరిగారు. కలప వ్యాపారులకూ పశువుల మేత కోసం అడవి నరికించే భూస్వాములకూ ఆమె కంటగింపు అయ్యారు. 2005 ఫిబ్రవరి 12న అడవి దారిలో ఇద్దరు కిరాయి హంతకులు అడ్డగించారు. ఆయుధం ఉందా అని అడిగితే తన దగ్గరున్నది ఇదేనని బైబిలు తీసి, "ధన్యులు" అని మొదలయ్యే కొండమీది ప్రసంగపు మాటలు చదివారు. వాళ్లు కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు. పెద్దాయనను ఆమె గురించి ఒకసారి తెలుసుకోమనండి. ఆ తర్వాత ఆయన చేతికే ఒక మొక్క ఇవ్వండి. ఎండాకాలంలో నీళ్లు పోయడానికి నిష్ఠ గల మనిషి కావాలి, ఆయనకు అది ఉన్నట్టే కనిపిస్తోంది.

ప్రశ్న: మట్టల ఆదివారానికి మా పిల్లల చేత ఈత మట్టలు కోయించి ఊరేగింపు చేస్తాం. తర్వాత అవి రోడ్డు పక్కన పడి ఉంటాయి. ఈసారి గీత కార్మికులు వచ్చి, లేత చెట్లు పాడుచేశారని బాధపడ్డారు. ఈ ఆచారం మానేయాలా?
— సండే స్కూలు టీచరు, ఖమ్మం జిల్లా

జవాబు: మానకండి అమ్మా. యెరూషలేములో ప్రజలు ఖర్జూరపు మట్టలు పట్టుకొని ప్రభువుకు ఎదురు వెళ్లారు. మన పిల్లలు ఈత మట్టో కొబ్బరి మట్టో పట్టుకొని హోసన్నా అనడం నాకెంతో ఇష్టమైన దృశ్యం. కోసే పద్ధతి మార్చాలి, అంతే. మీ ప్రశ్నే ఒక దేశం మొత్తం వేసుకోవలసి వచ్చింది. ఆ కథ వినండి.

కొలంబియాలో ఆండీస్ కొండల మీద ఒక తాటి జాతి ఉంది. కాండం మీద మైనం పూత ఉంటుంది, పూర్వం దాన్ని గీకి కొవ్వొత్తులు చేసేవారు. అరవై మీటర్ల దాకా ఎదుగుతుంది, ప్రపంచంలో అంత ఎత్తు పెరిగే తాటి జాతి ఇంకొకటి లేదు. 1985లో దాన్ని జాతీయ వృక్షంగా చట్టం చేశారు. అయితే అక్కడి కథోలిక విశ్వాసులు మట్టల ఆదివారానికి తరతరాలుగా పట్టుకునేది దాని లేత ఆకునే. మొక్క దశలో చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు అది. కాండం పైకి లేవడానికే దశాబ్దాలు పడుతుంది. ఆ దశలోనే మొవ్వు కోసేస్తే ఇక ఏం మిగులుతుంది? దానికి తోడు అడవి కొట్టి పచ్చికబయళ్లు చేశారు, మిగిలిన చెట్ల కింద మొలిచిన మొలకలను పశువులు మేసేశాయి.

ఆ చెట్టును నమ్ముకొని ఒక చిలుక బతుకుతోంది. చెవుల దగ్గర పసుపుపచ్చ ఈకలుంటాయి. చచ్చి నిలబడ్డ తాటి కాండాల తొర్రల్లో గుడ్లు పెడుతుంది, దాని కాయలు తింటుంది. చెట్లు తగ్గేసరికి చిలుక దాదాపు కనుమరుగైంది. 1999లో తొలిమా ప్రాంతంలో ఒక గుంపు దొరికినప్పుడు లెక్కపెడితే 81 పక్షులు. ప్రోఅవెస్ అనే పక్షి సంరక్షణ సంస్థ అప్పుడు చర్చి తలుపు తట్టింది. ఊరేగింపు ఆపమని అడగలేదు, మట్ట మార్చమని మాత్రమే అడిగింది. గురువులు బలిపీఠం దగ్గర నుంచి చెప్పారు. వేరే తాటి జాతుల ఆకులు తెండి, కుండీలో బతికున్న మొక్క తెండి, దాన్నే ఆశీర్వదిస్తాం అన్నారు. జనం మార్చుకున్నారు. గూడు పెట్టెలు అమర్చడం, తాటి మొక్కలు నాటడం, వేటను ఆపించడం కూడా దానితోపాటే సాగాయి. కొన్నేళ్లకు ఆ చిలుకలు వెయ్యి దాటాయి. చట్టం 1985 నుంచీ ఉంది. చట్టం మాట వినని ఊళ్లు గురువు మాట విన్నాయి.

ఇప్పుడు మన ఈతచెట్టు. తాటి, ఈత, కొబ్బరి జాతులకు ఎదిగే మొగ్గ ఒక్కటే ఉంటుంది, నడి నెత్తిన. వేపకు కొమ్మ విరిస్తే పక్కనుంచి ఇంకోటి వేస్తుంది, ఈతకు మొవ్వు పోతే చెట్టే పోతుంది. పిల్లల చేతికి అందేవి లేత చెట్లే కనుక వాళ్లు లాగేది సరిగ్గా ఆ మొవ్వునే. అందుకే గీత కార్మికులకు బాధ కలిగింది. వచ్చే ఏడు వాళ్ల దగ్గరికే వెళ్లి అడగండి. ఏ చెట్టుకు ఏ మట్ట కోస్తే నష్టం లేదో వాళ్ల కంటే తెలిసినవారు లేరు. చెట్టు శుభ్రం చేసేటప్పుడు ఎలాగూ కింది మట్టలు తీసేస్తారు, అవే చాలు. గిజిగాడి గూళ్లు వేలాడే చెట్లు వదిలేయండి. కొబ్బరి ఉన్న ఊళ్లలో రాలే దశకు వచ్చిన మట్టలను చీల్చి పిల్లలకు పంచవచ్చు. ఊరేగింపు అయ్యాక మట్టలు రోడ్డు పాలు చేయకుండా మందిరంలో ఒక మూల ఎండబెట్టి దాచండి. కొన్ని సంఘాల్లో నిరుటి మట్టలను కాల్చిన బూడిదనే మరుసటి ఏడాది భస్మ బుధవారానికి వాడతారు. పిల్లలకు ఆ రెండు దినాల సంబంధం చెప్పడానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

ప్రశ్న: కౌలుకు పత్తి వేస్తున్నాను. ఏడో ఏట నేలకు విశ్రాంతి ఇవ్వాలని లేవీయకాండం 25 మీద ప్రసంగం విన్నాను. నేల అలసిపోయిన మాట నిజమే, ఎరువు బస్తాలు పెరిగాయి గానీ దిగుబడి పెరగలేదు. కానీ ఒక్క ఏడు ఆపితే కౌలు ఎవరు కడతారు?
— ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న ఆ ప్రసంగం చేసినవారి ముందు కూడా పెట్టవలసింది. ఏడో ఏటి విశ్రాంతిని మోషే ధర్మశాస్త్రం ఒక్క పేదవాడి నెత్తిన పెట్టలేదు. అదే ఏడో ఏట అప్పులు విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండం 15 చెబుతుంది. నేలకూ విశ్రాంతి, అప్పులవాడికీ విశ్రాంతి. మన సంఘాల్లో భూములున్న విశ్వాసులు ఉన్నారు. ఎకరంలో పావువంతు పచ్చిరొట్టకు వదిలితే ఆ మేరకు కౌలు తగ్గిస్తామని వాళ్లు ముందుకు రావాలి. ఈ మాట వాళ్లు కూడా చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను.

అంతవరకు నువ్వు చేయగలిగింది కూడా ఉంది. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనే నల్లజాతి శాస్త్రవేత్త అమెరికాలో బానిస తల్లికి పుట్టాడు. 1896లో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విద్యాసంస్థకు వచ్చాడు. చుట్టూ ఏళ్ల తరబడి పత్తి మీద పత్తి వేసి చచ్చుబడిన నేల, దాని మీద పాలుకు చేసే పేద రైతులు, దుకాణంలో తీరని అప్పు. నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎరువు కొనలేనివారికి ఆయన చెప్పినవి కొనక్కర్లేనివే: పత్తి తర్వాత అలసందలు, వేరుశనగ, చిలగడదుంప వేయండి, అడవిలో రాలిన ఆకులు, మడుగుల్లోని బురద మట్టి తెచ్చి పొలంలో కలపండి. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. రైతులు బడికి రాలేరని 1906లో బడినే బండి మీద పెట్టి పొలాలకు పంపించారు. ఆయన తెల్లవారకముందే లేచి అడవిలో నడుస్తూ ప్రార్థించేవాడు, ఆదివారం సాయంత్రాలు విద్యార్థులకు బైబిలు చెప్పేవాడు. నేల మీద ప్రేమ ఆయనకు అక్కడినుంచే వచ్చింది.

మన దగ్గర మడుగు బురదకు బదులు చెరువు పూడికమట్టి ఉంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు నలుగురూ కలిసి తోలుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. పత్తి సాళ్ల మధ్య అలసందో పెసరో వేసుకో. పంట తీశాక పత్తి కట్టె తగలబెట్టకు, ముక్కలు చేయించి దున్నించు. నేలకు పూర్తి విశ్రాంతి కాకపోయినా, కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది.

ప్రశ్న: నేను క్రైస్తవుడిని కాను, మీ పత్రిక మా పక్కింటివారి దగ్గర చదువుతాను. "భూమిని లోపరచుకొనుడి, ఏలుడి" అని బైబిలు మొదటి పేజీల్లోనే ఉంది కదా. ప్రకృతి విధ్వంసానికి బీజం అక్కడే పడిందన్న వాదన గురించి మీరేమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాదు

జవాబు: మాస్టారూ, ఇంత సూటిగా అడిగినందుకు కృతజ్ఞతలు. ఈ వాదనను 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు సైన్స్ పత్రికలో ప్రముఖంగా రాశాడు. అందులో నిజం ఉంది. ఆ వచనాన్ని అనుమతి పత్రంగా చదివి అడవులు నరికినవారు, గనులు తవ్వినవారు క్రైస్తవ దేశాల్లో ఎందరో ఉన్నారు. దాన్ని కాదనడం నాకు న్యాయం కాదు.

కానీ ఏలడం అంటే ఏమిటో ఆ గ్రంథమే చెబుతుంది. మంచి రాజు ఎలా ఉంటాడో 72వ కీర్తన చెప్పింది: దిక్కులేనివారిని ఆదుకుంటాడు, కోసిన గడ్డి మీద వాన కురిసినట్టు దిగి వస్తాడు. చెడ్డ కాపరులనూ, బలిసి మిగతావాటిని నెట్టేసే గొర్రెలనూ యెహెజ్కేలు 34 గద్దిస్తుంది. మంచి మేత మేసి మిగిలినదాన్ని కాళ్లతో తొక్కారు, తేట నీళ్లు తాగి మిగిలినదాన్ని కలకలు చేశారు, ఇతరులు ఆ బురదే తాగాలా అని అడుగుతాడు దేవుడు. కర్మాగారం కింది వైపున కాపురముండే ఏ పల్లెలోనైనా ఈ వచనానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మొదటి అధ్యాయంలో ఏలమన్న దేవుడే రెండో అధ్యాయంలో నరుణ్ణి తోటలో పెట్టినది దాన్ని "సేద్యపరచుటకును దాని కాచుటకును" అని ఉంది. ఈ రెండింటినీ విడదీసి చదివినప్పుడే చేటు జరిగింది. మనుషులు లేని ఎడారి మీద కూడా తాను వాన కురిపిస్తానని యోబు 38లో దేవుడు అంటాడు. మన అవసరంతో పనిలేకుండానే ఆయనకు ఆ నేల ప్రీతిపాత్రం.

ఆ వ్యాసం రాసిన వైట్ కూడా విశ్వాసే. మతాన్ని వదిలేయమని ఆయన చెప్పలేదు. పక్షులను సోదరులని పిలిచిన అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణానికి పాలక పునీతుడిగా పెట్టుకోమన్నాడు. 1979లో పోప్ రెండవ జాన్ పాల్ అలాగే ప్రకటించారు. 1989లో ఆర్థడాక్స్ సంఘాల పెద్ద అయిన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే దినంగా పెట్టారు. ఇప్పుడు ఎన్నో సంఘాలు ఆ రోజు నుంచి ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 వరకు సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. మాకు అది వానాకాలం కనుక మొక్కలు నాటడానికి కూడా పనికొస్తుంది. మీ వీధిలోని మందిరంలో అలాంటిది జరిగితే మీరూ రండి. మొక్కల ఎంపికలో మాస్టార్ల సలహా ఎప్పుడూ అవసరమే.

ప్రశ్న: మా స్త్రీల సమాజం ప్రేమ విందులో థర్మోకోల్ పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు మానాలనుకుంటోంది. ఏం వాడమంటారు?
— ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: మీరు పేర్కొన్నవి 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధమే. విజయనగరంలో ఉండి వేరే చోట వెతకడమెందుకు? ఏజెన్సీలో గిరిజన స్త్రీలు కుట్టే అడ్డాకు విస్తళ్లు సంతలో దొరుకుతాయి. వారి దగ్గరే నేరుగా కొనండి, బేరమాడకండి. విందయ్యాక విస్తళ్లు ఆవరణలోని ఎరువు గుంతలో వేయండి. నీళ్లకు, పాయసానికి మాత్రం స్టీలు గ్లాసులు ఒక్కసారి కానుకలు పోగుచేసి కొనేయండి, లెక్క రాసి బీరువాలో పెట్టండి. కడిగే పని స్త్రీల సమాజానికే వదిలేయకుండా పురుషులకూ వంతు వేయించండి. విందు లేని రోజుల్లో ఊళ్లో ఎవరి ఇంట్లో పెళ్లి జరిగినా, ఏ మతం వారైనా సరే, అడిగితే ఇవ్వండి. అద్దె పెట్టవద్దు.